పసుపు పూసిన సెన్సార్లు

టోలిచౌకి ఇరానీ హోటల్లో మధ్యాహ్నం పూట ఒక్క కుర్చీ ఖాళీ లేదు. గోడ పక్క టేబుల్ దగ్గర కూర్చున్న జగదీశ్ ఒక ఉస్మానియా బిస్కట్‌ని చాయ్‌లో ముంచి నోట్లో వేసుకున్నాడు. రెండోది ముంచాడు. అది నోటిదాకా రాలేదు. చాయ్‌లోనే కరిగిపోయింది. జగదీశ్ తల మెల్లగా టేబుల్ మీదికి వాలింది.

అలసిపోయి పడుకున్నాడనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఎదురు కుర్చీలో ఇందాకటిదాకా కూర్చున్న మనిషి అప్పటికే రోడ్డు దాటి జనంలో కలిసిపోయింది.

జగదీశ్ ఫిల్మ్ నగర్‌లోని ఒక స్టూడియోలో బాయిలర్లకు వైరింగ్ చేసే టెక్నీషియన్. అది లోకానికి తెలిసిన ఉద్యోగం. తెలియని ఉద్యోగం ఇంకొకటుంది. ఆ ఉద్యోగం తాలూకు ఆఫీసుకి చనిపోయే ముందు అతను ఒక చిన్న వాయిస్ మెసేజ్ పంపాడు.

"సార్, కోబాల్ట్ వాళ్ళు బాంబు తేవట్లేదు. బాయిలర్‌నే బాంబు చేస్తారు."

* * *

ఆ ఆఫీసు ఎర్రగడ్డలో, మెట్రో స్టేషన్ దగ్గర, ఒక పాత బిల్డింగ్ రెండో అంతస్తులో ఉంది. బయట బోర్డు మీద 'చెదపురుగుల నివారణ' అని రాసి ఉంటుంది. దేశ రహస్యాలు చర్చించుకునే గదిలోకి ఎవరో ఒకరు వచ్చి, మా ఇంట్లో బీరువాకి చెదపట్టిందండీ అంటూ నిలబడతారు. ఏజెంట్ రవిచంద్రకి ఆ బోర్డు చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

"కూర్చో," అన్నాడు చీఫ్ వీరరాఘవయ్య.

రవిచంద్ర కూర్చోలేదు. అతని జేబులో వియన్నా ఫ్లైట్ టికెట్ ఉంది. ఆ మిషన్ కోసం కొత్త సూట్ కుట్టించుకున్నాడు. వాల్ట్జ్ డాన్స్ కూడా నేర్చుకున్నాడు.

"వియన్నా క్యాన్సిల్."

"సార్!"

"జగదీశ్‌ని చంపేశారు. ఆ పోస్టులోకి నువ్వు వెళ్తున్నావు. ఇవాళ్టి నుంచి నీ పేరు వరప్రసాద్. బాయిలర్ టెక్నీషియన్‌వి."

"టార్గెట్ ఎవరు?"

చీఫ్ ఒక ఫోటో టేబుల్ మీద పెట్టాడు. నలభై ఏళ్ళావిడ, కళ్ళజోడు, ప్రశాంతమైన ముఖం.

"హిమజ గారు. మన సబ్‌మెరైన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కోడ్ రాసింది ఈవిడే. ఈవిడ పోతే, ఆ కోడ్ పగిలిన రోజున కొత్తది రాయగల మనిషి మనకి లేరు. వీళ్ళమ్మాయి లాస్యకి పదేళ్ళు. స్విమ్మింగ్‌లో ఛాంపియన్. ఒక సినిమాలో హీరోయిన్ చిన్నప్పటి వేషం ఇచ్చారు. నీళ్ళలో షాట్. ఎల్లుండే."

"ఆవిడని రావద్దని చెప్పండి."

"చెప్పాను. 'నా కూతురి మొదటి షాట్‌కి నేను ఉండకూడదంటే, మీ సబ్‌మెరైన్ల సంగతి మీరే చూసుకోండి' అంది."

"షూటింగ్ ఆపించండి."

"ఆపిస్తే కోబాల్ట్ రింగ్, ఆ విదేశీ గూఢచారుల ముఠా, మాయమైపోతుంది. మళ్ళీ ఏ ఊళ్ళో, ఏ రూపంలో కొడుతుందో తెలియదు. ఇక్కడైతే ఎక్కడ కొడుతుందో తెలుసు. చలికాలం కదా, ఆ వాటర్ ట్యాంక్‌ని వేడి చెయ్యడానికి మూడు బాయిలర్లు పెట్టారు. హిమజ గారు కూర్చునే గ్యాలరీ సరిగ్గా వాటి నెత్తి మీద."

"ఇంతకీ నేను చెయ్యాల్సిన పని?"

"వైరింగ్," అన్నాడు చీఫ్.

ఎప్పుడో ఇంజనీరింగ్ చదివిన పాపం ఇలా పండింది. రవిచంద్ర పళ్ళు కొరుక్కున్నాడు.

పక్క గదిలో గాడ్జెట్ల ఇన్‌ఛార్జ్ సృజన్ ఒక పసుపురంగు మల్టీమీటర్‌ని పసిబిడ్డని అందించినట్టు చేతిలో పెట్టాడు.

"మాస్టర్‌పీస్ సార్ ఇది. రేడియో ట్రాన్స్‌మిటర్, కెమెరా, ఫోన్ జామర్, ఈ మొన నొక్కితే మత్తు సూది."

"ఓమ్స్ కొలుస్తుందా?"

"ఏంటి సార్?"

"రెసిస్టెన్స్. సెన్సార్ సరిగ్గా ఉందో లేదో చూడాలంటే అదే కొలవాలి. మామూలు మల్టీమీటర్ చేసే పని అది."

సృజన్ ముఖం వాడిపోయింది. "దానికి చోటు సరిపోలేదు సార్."

బయటికి వెళ్ళబోతుంటే చీఫ్ ఆపాడు. "స్టూడియోలో మన మనిషి ఒకరున్నారు. ఆ మనిషిని కోబాల్ట్ తన ఏజెంట్ అనుకుంటోంది, కానీ ఆ మనిషి పనిచేస్తోంది మనకి. నువ్వు 'నీళ్ళు కాగాయా' అని అడుగు. 'పొయ్యి ఇంకా రాజుకోలేదు' అంటే ఆ మనిషే."

* * *

జూబ్లీహిల్స్ దిగి ఫిల్మ్ నగర్‌లోకి మలుపు తిరిగేసరికే, జనరేటర్ వ్యాన్ల వెనక నిలబడి నిలబడి రవిచంద్రకి సగం ఓపిక అయిపోయింది. మిగతా సగం బాయిలర్ రూమ్‌లో అయిపోయింది.

ట్యాంక్ పెద్దది. ఒక పక్కంతా మందపాటి అద్దం. దాని పక్కన ఎత్తుగా గ్యాలరీ, గ్యాలరీ కింద బాయిలర్ రూమ్. లోపల మూడు బాయిలర్లు. వాటి పద్ధతి ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ముల పద్ధతే. ముందు పెద్దవాడు పనిలోకి దిగుతాడు. వాడి వల్ల కాకపోతే రెండోవాడు, ఇద్దరి వల్లా కాకపోతే మూడోవాడు. ఎవరు ఎప్పుడు దిగాలో గోడ మీది కంట్రోల్ ప్యానెల్ చెబుతుంది. ప్యానెల్‌కి కళ్ళు లేవు, సెన్సార్లు ఏం చెబితే అదే నిజమనుకుంటుంది. ఒక్కో బాయిలర్ మెడ మీద అరచేతి వెడల్పు రేకు పెట్టె ఒకటి. అందులో ఒక సెన్సార్, దాని పక్కనే హై లిమిట్ స్విచ్. వేడి హద్దు దాటితే ఆ స్విచ్ మంట ఆపేస్తుంది. అదీ ఆపకపోతే ఆవిరి బయటికి వదలడానికి సేఫ్టీ వాల్వ్.

కోబాల్ట్ ఈ మూడు కాపలాలనూ మోసం చెయ్యాలి. రవిచంద్ర ఆ మూడింటినీ కాయాలి. జగదీశ్ సగంలో వదిలేసిన వైర్లు ఎంతో పొందికగా కట్టి ఉన్నాయి. నీ పని నేను పూర్తి చేస్తానులే అనుకుని స్క్రూడ్రైవర్ తీశాడు.

మొదటి పెట్టె మూత విప్పగానే అతనికి కోపం నషాళానికంటింది. సెన్సార్ నిండా పసుపు ముద్ద. దాని మీద ఎర్రగా కుంకుమ బొట్టు.

"ఎవరండీ ఇది చేసింది?"

"నేనే చేసిన. ఏంది?" అంటూ వచ్చింది మంజులత. ఆ సినిమాకి ప్రొడక్షన్ మేనేజర్. చెవికి ఇయర్‌ఫోన్, చేతిలో కుంకుమ భరిణె, యూనిట్‌ అంతా హడలిపోయే గొంతు.

"మేడమ్, సెన్సార్ లోహానికి తగులుతూ ఉండాలి. మధ్యలో పసుపు ఉంటే వేడి తప్పు చూపిస్తుంది."

"బొట్టు పెడితే తప్పు చూపెడతదా? కెమెరాలకు పెడుతున్న, క్రేన్లకు పెడుతున్న, జనరేటర్లకు పెడుతున్న. ఒక్కటన్న తప్పు చూపెట్టిందా? నీదేం మిషన్ తమ్మీ, గంత నాజూకుది?"

రవిచంద్ర స్పిరిట్ పోసి మూడింటినీ తళతళలాడేట్టు తుడిచాడు. టీ తాగి వచ్చేసరికి మూడింటికీ మళ్ళీ బొట్లు. మళ్ళీ తుడిచాడు. భోజనం చేసి వచ్చేసరికి మళ్ళీ బొట్లు, ఈసారి పైన అక్షింతలు కూడా.

అంతటితో పోతే బాగుండేది. గోరుచుట్టు మీద రోకటిపోటులా వాస్తు ఒకటి తగులుకుంది. అగ్ని ఆగ్నేయంలోనే ఉండాలని సిద్ధాంతిగారు చెబితే, మూడో బాయిలర్‌ని మూలకి జరిపారట. జరిపేటప్పుడు వైర్లు జరగవని ఎవరికీ తోచలేదు. రవిచంద్ర వేసిన కేబుల్ బారెడు తక్కువైంది. మళ్ళీ మొదటి నుంచీ లాగాడు. లాగాక స్క్రీన్ మీద వేడి ముప్పై అని చూపించింది, వెంటనే డెబ్భై అంది, మరుక్షణం పన్నెండు. కోబాల్ట్ సిగ్నల్ పంపుతోందని అతను పిస్టల్ పట్టుకుని గోడ వెనక్కి దూకాడు. అక్కడ కోబాల్ట్ లేదు. లైటింగ్ వాళ్ళు తమ పెద్ద కరెంటు కేబుళ్ళని తీసుకొచ్చి అతని సన్నటి సెన్సార్ వైర్లకి కలిపి కట్టేశారు. ఆ కరెంటు ప్రభావానికి రీడింగులు గంతులేస్తున్నాయి.

"కొంచెం జరపండి బాబూ."

"లంచ్ బ్రేక్ తర్వాత అన్నా."

లంచ్ అప్పటికే అయిపోయింది. అది రేపటి లంచ్ అని అతనికి తర్వాత తెలిసింది. చివరికి తన వైర్లనే ఇనప గొట్టంలోకి ఎక్కించి వేరే గోడ మీదుగా తెచ్చుకున్నాడు. వియన్నాలో ఈపాటికి ఎవరో తన బదులు వాల్ట్జ్ ఆడుతుంటారని తిట్టుకుంటూ చివరి స్క్రూ బిగించాడు.

మూడోసారి పసుపు తుడుస్తుండగా గుమ్మంలో సెంటు వాసన గుప్పుమంది. నల్లటి స్విమ్ సూట్ మీద తెల్లటి సిల్క్ గౌను, తడి జుట్టు, చూపు తిప్పుకోనివ్వని కళ్ళు. నీళ్ళలో తీసే సీన్లకి కొరియోగ్రాఫర్ గీతిక. ఈమెని చూసి కెమెరా అసిస్టెంట్లు ఫోకస్ మర్చిపోతారని పొద్దుట మంజులత తిట్టడం అతను విన్నాడు.

"నీళ్ళు కాగాయా?" అన్నాడు రవిచంద్ర, తుడుపు ఆపకుండా.

"పొయ్యి ఇంకా రాజుకోలేదు." ఆమె తలుపు దగ్గరగా వేసింది. "పాపం, మీకూ పసుపుకీ పడనట్టుందే?"

"సెన్సార్‌కి పడదు. పేరు చెప్పండి. కోబాల్ట్ మనిషి ఎవరు?"

"బాబీ. హీరో పర్సనల్ స్టాఫ్. రోజూ దొంగచాటుగా ఈ గదిలోకి వస్తాడు. షాట్ రోజు పొద్దున ఏదో చేస్తాడు. నేను కన్నేసి ఉంచుతాను. మీ మీటర్‌కి సిగ్నల్ పంపుతాను." వెళ్తూ వెళ్తూ తళతళలాడుతున్న పెట్టెల వైపు ఒకసారి చూసి నవ్వింది. "శుభ్రంగా ఉన్నాయి. ఇలాగే ఉంచండి."

* * *

మర్నాడు మంజులత భరిణెతో వచ్చేసరికి రవిచంద్ర గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అరిచే ఓపిక కూడా అయిపోయిందతనికి.

"అక్కా, నీకు దండం పెడతాను. బొట్టు పెట్టుకో, వద్దనను. లోపల సెన్సార్‌కి వద్దు. పైన పెట్టె మూతకి పెట్టు. మూత ఏం కొలవదు, దానికి నువ్వు పసుపుతో స్నానం చేయించినా ఫరవాలేదు."

అక్కా అన్న పిలుపుకి మంజులత మెత్తబడింది. "ముందుగాల గిట్ల చెప్తే అయిపోవు గద. నేనేమన్న నీ మిషన్ ఖరాబు జెయ్యాల్నని పెడుతున్ననా? మొన్నటిదాంక గా జగదీశ్ ఉండె. పెళ్ళి కావాల్సిన పిలగాడు. చాయ్ తాగొస్తనని పోయి పీనుగై వచ్చిండు. నాకు భయమైతుంది తమ్మీ. నువ్వు సుత గీ గదిలనే పని చేస్తున్నవు గద."

రవిచంద్ర గుమ్మం వదిలి పక్కకి జరిగాడు. నిన్నంతా తాను తుడిచిపారేసింది పసుపు ఒక్కటే కాదని తెలిసి అతనికి సిగ్గేసింది.

"మూతకి పెట్టు. నేను తుడవను," అన్నాడు.

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ సంధి సంగతి వాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

షాట్ రోజు పొద్దున్నే మంజులత మూడు మూతలకీ పసుపు రాసి, నడిమధ్య రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించి వెళ్ళింది. సినిమాకి అదే చివరి షాట్. ఆ షాట్ అవగానే కొట్టడానికి ఆవిడ ఒక పెద్ద బూడిద గుమ్మడికాయ కూడా తెప్పించి పెట్టింది. సినిమా వాళ్ళకి కొబ్బరికాయ కొడితే షూటింగ్ మొదలు, గుమ్మడికాయ కొడితే ఆఖరు.

రవిచంద్ర మొదటి బాయిలర్ వెలిగించాడు. కాసేపటికి రెండోది దానంతటదే అందుకుంది, ఆ తర్వాత మూడోది. నీళ్ళు మెల్లగా వేడెక్కుతున్నాయి. అప్పుడే మల్టీమీటర్ లోంచి గీతిక గొంతు వినిపించింది.

"బాబీ పారిపోతున్నాడు. వెనక గేటు. చేతిలో నల్ల సంచీ. క్విక్!"

రవిచంద్ర పరుగెత్తాడు. బాబీ స్కూటర్ మీద ఫిల్మ్ నగర్ సందుల్లోకి దూరాడు. రవిచంద్ర ఆటో ఎక్కాడు. ఆటోవాలా మీటర్ వెయ్యనన్నాడు. బేరం తేలేలోపు స్కూటర్ రెండు మలుపులు దాటేసింది. ఆఖరికి ఒక ఎడిటింగ్ స్టూడియో దగ్గర కుర్చీలు దింపుతున్న వ్యాన్ అడ్డం వచ్చి స్కూటర్ ఆగింది. రవిచంద్ర ఒక్క గెంతులో మీదపడి, బాబీ చెయ్యి వెనక్కి విరిచి, సంచీ లాక్కున్నాడు.

"ఓపెన్ ఇట్!"

"వద్దన్నా! నీ కాళ్ళు మొక్కుతా అన్నా! తెలిస్తే నన్ను చంపేస్తారు!"

"ఎవరు? కోబాల్టా?"

"హీరో అన్నా!"

సంచీలో మూడు విగ్గులున్నాయి. వెచ్చగా ఉన్నాయి. తడిసిన విగ్గుల్ని హెయిర్ డ్రైయర్‌తో ఆరబెడితే చిట్లిపోతాయట. బాయిలర్ పైపుల మీద ఆరేస్తే పట్టులా ఉంటాయట. హీరోగారికి జుట్టు లేదన్న సంగతి నిర్మాతకి కూడా తెలియదట. బాబీ నడిరోడ్డు మీద కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"దేశంలో అతి పెద్ద రహస్యం ఇదేరా," అని సంచీ వాడి మొహాన కొట్టాడు రవిచంద్ర. ఆ రహస్యాన్ని కాపాడుతానని ప్రమాణం చేస్తే గానీ వాడు చొక్కా వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి దాదాపు గంట అయింది. చీఫ్ రేడియోలో అడిగాడు. "ఏం దొరికింది?"

"విగ్గులు సార్."

చీఫ్ రేడియో కట్టేశాడు.

గ్యాలరీ మెట్ల దగ్గర గీతిక ఎదురొచ్చింది. "సారీ. పొరబడ్డాను. లోపలంతా నార్మల్‌గానే ఉంది. పైకి రండి, షాట్ మొదలవుతోంది." పైన హిమజ ముందు వరుసలో కూర్చుని ఉంది. అద్దం అవతల లాస్య నీళ్ళలోంచి తల్లికి చెయ్యి ఊపుతోంది. తల్లి రెండు చేతులూ ఊపింది, చిన్నపిల్లలా.

ఆ రెండు చేతులూ చూశాక రవిచంద్రకి పైకి వెళ్ళి కూర్చోబుద్ధి కాలేదు. విసుగ్గా మళ్ళీ బాయిలర్ రూమ్‌లోకి వెళ్ళాడు. ప్యానెల్ మీద మూడూ ఆకుపచ్చ లైట్లే. ఒకటో బాయిలర్ అరవై. రెండోది అరవై ఒకటి. మూడోది అరవై. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరగబోయాడు. చూపు పెట్టెల మీద ఆగిపోయింది.

ఒకటో పెట్టె మూత మీద బొట్టు ఉంది. రెండో దాని మీద ఉంది. మూడో పెట్టె తళతళలాడుతోంది.

అప్పుడే గుమ్మడికాయ చంకన పెట్టుకుని మంజులత అటుగా పోతోంది.

"అక్కా! మూడో దానికి పొద్దున బొట్టు పెట్టలేదా?"

"పెట్టిన." లోపలికి వచ్చి చూసేసరికి ఆవిడ ముఖం ఎర్రబడింది. "మల్ల తుడిచినవా? ఒట్టు పెట్టి సుత తుడిచినవా? నీకు మాటంటే మాట గాదా?"

"నేను తుడవలేదక్కా," అన్నాడు రవిచంద్ర. తన గొంతు తనకే వేరేగా వినిపించింది. "ఇది మన పెట్టె కాదు."

మూడో బాయిలర్ ఒంటి మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు. దగ్గరికి వెళ్తేనే చర్మం చురుక్కుమంటోంది. స్క్రీన్ మాత్రం అదే అరవై పాట పాడుతోంది. ప్రెషర్ గేజ్ ముల్లు ఎర్ర గీతని ఆనుకుని ఉంది. పైన సేఫ్టీ వాల్వ్ పిడిని ఎవరో ఉక్కు తీగతో బిగించి కట్టారు. ప్యానెల్ మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. ఒకటి, రెండు ఆరిపోయాయి. మూడోది గర్జిస్తూనే ఉంది. దొంగ పెట్టె దానికి వేరేగా కరెంటు ఇస్తోంది.

గోడకున్న స్పానర్ అందుకుని గ్యాస్ పైపు వైపు దూకాడు.

"ఆగండి, వరప్రసాద్ గారూ."

గుమ్మంలో గీతిక. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. లోపలున్న మంజులత తలుపు వెనక మూలలో ఉండిపోయింది, గీతికకి కనిపించలేదు.

"జగదీశ్‌తో చాయ్ తాగింది నువ్వేనా?" అన్నాడు రవిచంద్ర.

"అతనికి కూడా ఇలాగే ప్రశ్నలెక్కువ. ఇక్కడ పేలితే యాక్సిడెంట్ అంటారు. మీ వైరింగ్ బాగోలేదంటారు. తలుపు బయట గడియ పెట్టి వెళ్తాను, నిమిషం చాలు." ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఒక్కటి చెప్పు. స్క్రూతో సహా అచ్చు మీ పెట్టెలాంటిదే బిగించాను. రీడింగ్ కూడా పర్ఫెక్ట్. ఎలా కనిపెట్టావు?"

"బొట్టు లేదు."

"వాట్?"

"పెట్టె మీద బొట్టు లేదు."

గీతిక ముఖంలో మొదటిసారి నిజమైన బాధ కనిపించింది. "నువ్వు తుడుస్తున్నావుగా! నా కళ్ళారా చూశాను! పొద్దున బొట్లు చూసి, ఎలాగూ తుడిచేస్తావు కదా అనుకున్నాను..."

"తుడిచేవాణ్ణి. మానేశాను."

ఆమెకి ఆ మాట అర్థమయ్యేలోపు బూడిద గుమ్మడికాయ గాల్లో లేచి, నెత్తి మీద పెళ్ళున పగిలింది. గింజలు, గుజ్జు, పిస్టల్, గీతిక అన్నీ ఒకేసారి నేల మీద పడ్డాయి.

"జగదీశ్ పేరు మీద కొట్టిన," అంది మంజులత రొప్పుతూ. "గుమ్మడికాయ కొట్టేసినం. నీ షూటింగ్ అయిపోయింది, పో."

పైన స్పీకర్‌లో డైరెక్టర్ గొంతు మోగింది. "సైలెన్స్! రోల్ కెమెరా!"

గ్యాస్ వాల్వ్ పిడి పీకేసి ఉంది. మొండి ఇరుసుకి స్పానర్ తగిలించి తిప్పాడు. జారింది. మళ్ళీ తగిలించాడు. అరచేతులు కాలిపోతున్నాయి. ముల్లు ఎర్ర గీత దాటింది. బాయిలర్ లోపలి నుంచి టక్ టక్ మని శబ్దం మొదలైంది. నెత్తి మీదే ఒక తల్లి కూర్చుని ఉందన్న ఆలోచన అతన్ని నిలవనివ్వలేదు. శరీరం బరువంతా స్పానర్ మీద వేశాడు. ఇరుసు కిర్రుమని తిరిగింది. మంట ఆగింది.

శబ్దం ఆగలేదు.

"తీగ, అక్కా! పైన తీగ తెంపాలి! కట్టర్ ఏది?"

"కట్టర్ నాకేం ఎరుక తమ్మీ!"

రవిచంద్ర చేతికందిన మల్టీమీటర్‌ని తీసి, దాని ఉక్కు మొనని తీగ ముడిలో దూర్చి మెలితిప్పాడు. మాస్టర్‌పీస్ రెండు ముక్కలైంది. ట్రాన్స్‌మిటర్, కెమెరా, జామర్ అన్నీ రాలి కిందపడ్డాయి. తీగ కూడా తెగింది. పిడి ఎగిరి లేచింది. ఆవిరి భయంకరంగా ఈలవేస్తూ పైపులోంచి దూసుకెళ్ళి, కప్పు దాటి బయటపడింది.

ముల్లు వణుకుతూ వణుకుతూ కిందికి దిగింది. రవిచంద్ర గోడకి ఆనుకుని కూలబడిపోయాడు. మంజులత పక్కన కూర్చుని అతని నుదుటన బొట్టు పెట్టింది. అతను తుడుచుకోలేదు.

పైన ట్యాంక్ మీదుగా తెల్లటి ఆవిరి మబ్బులా కమ్ముకుంది. "ఎవరయ్యా ఆ ఎఫెక్ట్ వేసింది?" అని డైరెక్టర్ కేక పెట్టాడు. "అద్భుతం! ఒక్క టేక్‌లో ఓకే!"

* * *

చేతులకి కట్లు కట్టించుకుని వస్తుంటే గేటు దగ్గర హిమజ ఎదురైంది. లాస్యని టవల్‌లో చుట్టి పట్టుకుని ఉంది. సెక్యూరిటీ వాళ్ళు ఆవిడకి ఇంకా ఏమీ చెప్పలేదు.

"బాయిలర్లు చూసేది మీరేనా అండీ?"

"అవునండీ."

"ఏమీ అనుకోకండి. చివర్లో నీళ్ళు చల్లబడిపోయాయి. పిల్ల వణికిపోయింది. కాస్త చూసుకోవాలి కదా?"

రవిచంద్ర కట్లు కట్టిన చేతులు వెనక్కి దాచుకున్నాడు. లాస్య టవల్‌లోంచి తల బయటపెట్టి, పళ్ళు టకటకలాడిస్తూ తల్లిని అడుగుతోంది. "అమ్మా, నువ్వు చూశావా? మొత్తం చూశావా?"

"మొత్తం చూశాను నాన్నా," అంది హిమజ.

"సారీ అండీ," అన్నాడు రవిచంద్ర. "ఇక మీదట చూసుకుంటాను." రెండు రోజులుగా గుండెల్లో రగులుతున్నదేదో ఆ మాటతో చప్పున చల్లారింది.

మర్నాడు ఎర్రగడ్డ ఆఫీసులో చీఫ్ వీరరాఘవయ్య ఎన్నడూ లేనంత ప్రసన్నంగా ఉన్నాడు. గీతిక నోరు విప్పింది. కోబాల్ట్ రింగ్‌లో ఇక్కడున్నవాళ్ళంతా దొరికారు. తలకాయ మాత్రం బయటి దేశంలో ఉంది. చీఫ్ ఒక కవర్ ముందుకి తోశాడు.

"వియన్నా టికెట్. కోబాల్ట్ బాస్ అక్కడే ఒక హోటల్లో దిగాడు."

రవిచంద్ర ముఖం వెలిగింది. "సూట్ రెడీగా ఉంది సార్!"

"సూట్ ఎందుకు? ఆ హోటల్ బేస్‌మెంట్‌లో బాయిలర్లున్నాయట. ఈసారి ఐదు."

రవిచంద్ర కట్లు కట్టిన చేతులతో కవర్ తీసుకున్నాడు.

"సార్, పసుపు కుంకుమ ఇక్కడి నుంచే తీసుకెళ్ళాలా, అక్కడ దొరుకుతాయా?"